తోకచుక్క రాకను తెలిపిన హేలీ

మానవుడు అనాదిగా ఆకాశాన్ని పరిశీలిస్తూనే ఉన్నాడు. సూర్యచంద్రుల ఉదయాస్తమయాలు, నక్షత్రాల గమనం, గ్రహాల సంచారం అతనికి ఒక క్రమాన్ని నేర్పాయి. ఆ క్రమాన్ని ఆధారం చేసుకొనే పంచాంగాలు పుట్టాయి. రైతులు విత్తనాలు చల్లారు. నావికులు సముద్రాలను దాటారు. అయితే ఆ క్రమానికి లోబడనట్లుగా, పిలువని పేరంటానికి వచ్చినట్లు ఎప్పుడో ఒకప్పుడు ఆకాశంలో ప్రత్యక్షమై, పొడవైన తోకతో కొన్ని వారాలపాటు వెలిగి, చెప్పకుండా మాయమయ్యేది తోకచుక్క. మన పూర్వులు దానిని ధూమకేతువు అన్నారు. వరాహమిహిరుడు తన బృహత్సంహితలో కేతువుల సంచారానికి ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. తోకచుక్క కనిపిస్తే రాజుకు మరణం, ప్రజలకు కరువు, దేశానికి యుద్ధం తప్పవని తూర్పు దేశాలవారూ పడమటి దేశాలవారూ ఒకే విధంగా భయపడ్డారు. తోకచుక్క కూడా ప్రకృతి నియమానికి కట్టుబడినదేనని, అది తిరిగి వచ్చే సంవత్సరాన్ని సైతం గణించి చెప్పవచ్చునని లోకానికి చాటినవాడు ఇంగ్లండు దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీ. తన గణన ఫలించే రోజును తాను చూడలేనని తెలిసి కూడా ఆ పనికి పూనుకోవడం అతని జీవితంలోని విశిష్టత.

హేలీ 1656వ సంవత్సరం నవంబరు 8న లండన్ సమీపంలోని హాగర్‌స్టన్ అనే గ్రామంలో జన్మించాడు. తండ్రి సబ్బుల తయారీలో ధనం గడించిన వ్యాపారి. హేలీ బాల్యంలోనే లండన్ నగరం రెండు మహావిపత్తులను చవిచూసింది. 1665లో ప్లేగు వ్యాధి వేలాదిమందిని బలిగొన్నది. 1666లో చెలరేగిన అగ్నిలో నగరంలో అధికభాగం భస్మమైంది. ఈ విపత్తులకు ముందు, 1664లోనూ 1665లోనూ ఆకాశంలో తోకచుక్కలు కనిపించాయి. కష్టాలన్నింటికీ అవే కారణమని జనం గట్టిగా నమ్మారు. అటువంటి కాలంలో పెరిగిన బాలుడే తరువాత తోకచుక్కల మార్గాన్ని అన్వేషించాడు.

తండ్రి తన కుమారుని విద్యకు ఏ లోటూ రానీయలేదు. సెయింట్ పాల్ పాఠశాలలో చదువుకునే రోజులలోనే హేలీకి గణితం మీద, ఆకాశ పరిశీలన మీద మక్కువ కలిగింది. 1673లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు అతడు తన వెంట సొంత దూరదర్శినిని కూడా తీసుకొని వెళ్ళాడు. అక్కడ ఉండగానే రాజ ఖగోళ శాస్త్రజ్ఞుడైన జాన్ ఫ్లామ్‌స్టీడ్‌తో పరిచయం ఏర్పడింది. ఫ్లామ్‌స్టీడ్ ఉత్తరాకాశంలోని నక్షత్రాల స్థానాలను కొత్తగా నిర్ణయించే పనిలో ఉన్నాడు. దక్షిణాకాశంలోని నక్షత్రాలకు అటువంటి పట్టిక లేదని గ్రహించిన హేలీ ఆ లోటును తాను తీర్చాలని సంకల్పించాడు. పట్టా చేతికి రాకముందే చదువును విడిచి, 1676లో ఇరవై ఏళ్ళ వయసులో ఈస్టిండియా కంపెనీ ఓడ ఎక్కి దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలోని సెయింట్ హెలీనా ద్వీపానికి వెళ్ళాడు.

అక్కడి వాతావరణం అతనికి అనుకూలించలేదు. రాత్రులలో తరచుగా మబ్బులు కమ్ముకొనేవి. అయినా అతడు నిరాశ చెందలేదు. మబ్బు తొలగిన ప్రతి క్షణాన్నీ వినియోగించుకొని 341 నక్షత్రాల స్థానాలను నిర్ణయించాడు. 1677 నవంబరు 7న బుధగ్రహం సూర్యబింబానికి అడ్డంగా ప్రయాణించడాన్ని ఆద్యంతం పరిశీలించాడు. 1678లో స్వదేశానికి తిరిగి వచ్చినప్పుడు రాజాజ్ఞ మేరకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరీక్షలు లేకుండానే అతనికి ఎం.ఏ. పట్టాను ప్రదానం చేసింది. అదే సంవత్సరం శాస్త్రజ్ఞుల సభ అయిన రాయల్ సొసైటీ అతనిని తన సభ్యునిగా ఎన్నుకొన్నది. అప్పటికి హేలీ వయసు ఇరవై రెండేళ్ళు మాత్రమే.

1682లో హేలీకి మేరీ టూక్‌తో వివాహమైంది. ఆ సంవత్సరమే ఒక తోకచుక్క ఆకాశంలో కనిపించింది. హేలీ దానిని శ్రద్ధగా పరిశీలించి దాని స్థానాలను నమోదు చేసుకొన్నాడు. ఆ తోకచుక్కతో తన పేరు శాశ్వతంగా ముడిపడుతుందని అప్పుడతడు ఊహించి ఉండడు. అప్పటికి తోకచుక్కల మార్గం గురించి పండితులలో ఏకాభిప్రాయం లేదు. అవి సరళరేఖలో వచ్చి సరళరేఖలోనే వెళ్ళిపోతాయని కొందరు భావించారు. సరళరేఖలో వెళ్ళేది తిరిగి రాదు. తిరిగి రానిదానికి లెక్క లేదు. కనుక మొదట తేలవలసినది వాటిని నడిపించే శక్తి ఏది అన్న విషయం.

ఆ ప్రశ్నకు సమాధానం ఐజాక్ న్యూటన్ వద్ద ఉన్నది. సూర్యుని ఆకర్షణ దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని అనుకొంటే గ్రహం ఏ ఆకారపు మార్గంలో తిరగాలి అనే సమస్యను 1684లో హేలీ, రాబర్ట్ హుక్, క్రిస్టఫర్ రెన్ కలిసి చర్చించారు. ఎవరూ గణితపూర్వకమైన నిరూపణ చూపలేకపోయారు. ఆ సంవత్సరం ఆగస్టులో హేలీ కేంబ్రిడ్జికి వెళ్ళి న్యూటన్‌ను కలుసుకొన్నాడు. ఆ మార్గం దీర్ఘవృత్తమని న్యూటన్ వెంటనే తెలిపాడు. తాను ఎప్పుడో దానిని నిరూపించినట్లు కూడా చెప్పాడు. కాని ఆ కాగితాలు వెదికినా దొరకలేదు. నిరూపణను మళ్ళీ రాసి పంపుతానని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకొన్నాడు. దానిని చదివిన హేలీ అది ఎంతటి మహత్తర విషయమో గుర్తించాడు. దానిని విస్తరించి ఒక గ్రంథంగా వెలువరించమని న్యూటన్‌ను పట్టుబట్టి ఒప్పించాడు.

అలా రూపొందినదే ప్రిన్సిపియా అనే మహాగ్రంథం. దాని ప్రచురణకు ఆటంకాలెన్నో ఎదురయ్యాయి. రాయల్ సొసైటీ తన వద్దనున్న ధనాన్ని చేపల చరిత్రను తెలిపే ఒక పెద్ద పుస్తకం మీద ఖర్చు చేసింది. ఆ పుస్తకం అమ్ముడుపోలేదు. న్యూటన్ గ్రంథాన్ని అచ్చువేయించడానికి ఖజానాలో సొమ్ము మిగలలేదు. అప్పుడు హేలీ ఆ ఖర్చును తానే భరించాడు. సొసైటీలో ఉద్యోగిగా తనకు రావలసిన జీతానికి బదులు అమ్ముడుపోని చేపల పుస్తకాల ప్రతులనే స్వీకరించవలసి వచ్చినా అతడు వెనుదీయలేదు. ఇంతలో ఆకర్షణ సూత్రాన్ని మొదట కనుగొన్నది తానేనని హుక్ వాదించడంతో న్యూటన్ ఆగ్రహించి, గ్రంథంలోని మూడవ భాగాన్ని ప్రచురించబోనని భీష్మించాడు. తోకచుక్కల గమనాన్ని వివరించే భాగం అదే. హేలీ ఎంతో ఓర్పుతో అతనిని శాంతింపజేశాడు. చిత్తు ప్రతులను స్వయంగా దిద్దాడు. 1687లో గ్రంథం సంపూర్ణంగా వెలువడింది. ఇతరుని ప్రతిభను గుర్తించి, దానిని లోకానికి అందించడానికి తన కాలాన్నీ ధనాన్నీ వెచ్చించిన ఇటువంటి ఔదార్యం శాస్త్ర చరిత్రలో అరుదు.

న్యూటన్ చూపిన పద్ధతి చేతికి అందిన తరువాత హేలీ తోకచుక్కల మీద దృష్టి నిలిపాడు. పాత గ్రంథాలను, పరిశీలకుల నమోదులను సేకరించి, 1337 నుండి 1698 వరకు కనిపించిన 24 తోకచుక్కల కక్ష్యలను గణించాడు. నేటి గణన యంత్రాలు లేని ఆ రోజులలో ప్రతి అంకెనూ చేతితో లెక్కకట్టవలసి వచ్చేది. అలా తయారైన పట్టికను పరిశీలిస్తుండగా మూడు తోకచుక్కలు అతని దృష్టిని ఆకర్షించాయి. ఒకటి 1531లో పీటర్ ఏపియన్ చూసినది. రెండవది 1607లో కెప్లర్ చూసినది. మూడవది 1682లో తాను స్వయంగా చూసినది. మూడింటి కక్ష్యలూ దాదాపు ఒకే వాలులో ఉన్నాయి. మూడూ గ్రహాలు తిరిగే దిశకు వ్యతిరేక దిశలో తిరిగాయి. మూడూ సూర్యునికి ఇంచుమించు సమాన దూరంలోకి వచ్చి వెళ్ళాయి. ఇవి మూడు కావని, ఒకే తోకచుక్క మూడుసార్లు వచ్చిందని హేలీ నిశ్చయించాడు.

అయితే ఒక చిక్కు మిగిలింది. మొదటి రెండు రాకల మధ్య వ్యవధి 76 సంవత్సరాలకు పైగా ఉంటే, తరువాతి వ్యవధి 75 సంవత్సరాలకు కొంచెం తక్కువగా ఉన్నది. ఒకే వస్తువు అయితే ఈ తేడా ఎందుకు రావాలి? గురు, శని గ్రహాల సమీపానికి వెళ్ళినప్పుడు వాటి ఆకర్షణ వలన తోకచుక్క వేగం మారుతుందని, అందువలన రాక కొంత ముందు వెనుకలు అవుతుందని హేలీ వివరించాడు. 1705లో ప్రచురించిన చిన్న గ్రంథంలో, ఆ తోకచుక్క 1758లో తిరిగి వస్తుందని ప్రకటించాడు. తరువాత గురుగ్రహ ప్రభావాన్ని మరింత ఆలోచించి, 1758 చివరనో 1759 ఆరంభంలోనో అది కనిపించవచ్చునని సవరించాడు.

ఇది జ్యోతిష్యుని జోస్యం వంటిది కాదు. జోస్యానికి ఎన్ని అర్థాలైనా చెప్పుకోవచ్చు. అది తప్పిందని రుజువు చేయడం కష్టం. హేలీ మాత్రం సంవత్సరాన్ని పేర్కొని, తన లెక్కను అందరి ముందూ ఉంచాడు. తోకచుక్క రాకపోతే అతని మాటతో పాటు న్యూటన్ సిద్ధాంతం మీద కూడా నీలినీడలు కమ్ముకొనేవి. సమర్థించుకోవడానికి తాను అప్పుడు జీవించి ఉండనని హేలీకి తెలుసు. 1758 నాటికి అతనికి నూటరెండేళ్ళు నిండాలి. అది తిరిగి వచ్చిననాడు ఈ విషయాన్ని మొదట కనుగొన్నది ఒక ఆంగ్లేయుడని భావితరాలవారు స్మరించాలని మాత్రమే అతడు ఆశించాడు.

తోకచుక్కలే అతని లోకం కాదు. 1698 నుండి 1700 వరకు పారమోర్ అనే చిన్న నౌకకు అధిపతిగా అట్లాంటిక్ మహాసముద్రంలో ప్రయాణించి, దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరం నుండి ఏ చోట ఎంత పక్కకు తిరుగుతుందో కొలిచి పటం తయారుచేశాడు. ఒక నగరపు జననమరణాల లెక్కల ఆధారంగా 1693లో అతడు రూపొందించిన పట్టిక జీవిత బీమా గణితానికి పునాదులలో ఒకటి అయింది. 1716లో, శుక్రుడు సూర్యబింబాన్ని దాటే సమయాన్ని భూమి మీద వేర్వేరు ప్రదేశాల నుండి కొలిస్తే సూర్యుని దూరాన్ని తెలుసుకోవచ్చునని సూచించాడు. ఆ ఘటనలు 1761, 1769 సంవత్సరాలలో జరుగవలసి ఉన్నాయి. వాటినీ తాను చూడలేడు. అయినా భావి పరిశీలకులకు పద్ధతిని వివరంగా రాసి పెట్టాడు. ఆ సూచనను అనుసరించి అనేక దేశాల శాస్త్రజ్ఞులు దూరతీరాలకు తరలివెళ్ళారు.

1718లో అతడు మరొక గొప్ప సత్యాన్ని వెల్లడించాడు. ప్రాచీన గ్రీకుల నమోదులతో పోల్చి చూసినప్పుడు లుబ్ధకం, స్వాతి, రోహిణి నక్షత్రాలు తమ పూర్వస్థానాల నుండి కొంత జరిగినట్లు కనిపించింది. అంతవరకు నక్షత్రాలు ఆకాశంలో చెక్కుచెదరక నిలిచి ఉంటాయని లోకం నమ్మింది. అవి కూడా చలిస్తాయని హేలీ చూపాడు.

1720లో ఫ్లామ్‌స్టీడ్ మరణానంతరం హేలీ రాజ ఖగోళ శాస్త్రజ్ఞునిగా నియమితుడయ్యాడు. గ్రీనిచ్ వేధశాలకు వెళ్ళి చూస్తే అక్కడ పరికరాలే లేవు. అవి ఫ్లామ్‌స్టీడ్ సొంత సొత్తు కావడంతో అతని కుటుంబంవారు తీసుకొనిపోయారు. అరవై నాలుగేళ్ళ వయసులో హేలీ కొత్త పరికరాలను సమకూర్చుకొని, పూర్తికావడానికి 18 సంవత్సరాలు పట్టే చంద్రగమన పరిశీలనను ప్రారంభించాడు. ఆ వయసులో అంత దీర్ఘమైన పని తలపెట్టడం సాహసమే. అయినా దానిని పూర్తి చేశాడు. 1742 జనవరిలో తన ఎనభై ఐదవ ఏట గ్రీనిచ్‌లో కన్నుమూశాడు.

హేలీ చెప్పిన గడువు సమీపించింది. ఫ్రాన్సు దేశంలో క్లెరో అనే గణితజ్ఞుడు, లాలాండ్, నికోల్ రేన్ లెపోత్ అనే విదుషీమణి నెలల తరబడి శ్రమించి గురు, శని గ్రహాల ప్రభావాన్ని లెక్కించారు. ఆ గ్రహాల వలన తోకచుక్క 618 రోజులు ఆలస్యమవుతుందని తేల్చారు. 1758 డిసెంబరు 25 రాత్రి జర్మనీలోని డ్రెస్డెన్ సమీపంలో పాలిష్ అనే రైతు తన దూరదర్శినితో దానిని మొదట చూశాడు. ఖగోళశాస్త్రాన్ని తనంతట తానే నేర్చుకొన్న కృషీవలుడతడు. 1759 మార్చి 13న తోకచుక్క సూర్యునికి అతి సమీపంగా వచ్చింది. క్లెరో లెక్కకు, వాస్తవానికి తేడా ఒక్క నెల మాత్రమే. నాటి నుండి అది హేలీ తోకచుక్క అయింది.

తరువాత అది 1835లో, 1910లో వచ్చింది. 1910లో భూమి దాని తోక గుండా ప్రయాణిస్తుందని తెలిసి అనేక దేశాలలో జనం కలవరపడ్డారు. కాని ఏ ఉపద్రవమూ జరుగలేదు. ఆ సంవత్సరమే మన గురజాడ అప్పారావు ముత్యాల సరాలు గేయంలో తోకచుక్కను అపశకునంగా కాక సంఘ సంస్కరణకు సంకేతంగా దర్శించాడు. హేలీ గణితంతో తొలగించిన భయాన్ని తెలుగు మహాకవి కవిత్వంతో తొలగించాడు.

1986లో తోకచుక్క తిరిగి వచ్చేనాటికి మానవుడు దాని రాకకై భూమి మీదనే ఉండి ఎదురుచూడలేదు. తానే ఎదురేగాడు. సోవియట్ యూనియన్ వేగా-1, వేగా-2 నౌకలను, జపాన్ సకిగాకె, సూయిసెయ్ నౌకలను, ఐరోపా అంతరిక్ష సంస్థ జ్యోటో నౌకను పంపాయి. వేగా నౌకలు దారిలో శుక్రగ్రహాన్ని పరిశీలించి, ఆ గ్రహపు ఆకర్షణను ఆసరాగా చేసుకొని తోకచుక్క వైపు మళ్ళాయి. 1986 మార్చి 6న, 9న అవి పంపిన సమాచారంతో తోకచుక్క కేంద్రకం ఉన్న చోటు కచ్చితంగా తెలిసింది. రాజకీయంగా రెండు శిబిరాలుగా చీలి ఉన్న ఆనాటి ప్రపంచంలో సోవియట్ శాస్త్రజ్ఞులు ఆ వివరాలను ఐరోపావారికి అందించారు. వాటి సాయంతో మార్చి 14న జ్యోటో కేంద్రకానికి 596 కిలోమీటర్ల దూరంలోకి చేరింది. అప్పుడు నౌక, తోకచుక్క సెకనుకు 68 కిలోమీటర్ల వేగంతో ఒకదానినొకటి దాటుతున్నాయి. ఆ వేగంలో ధూళికణం కూడా తుపాకిగుండుకన్న ప్రమాదకరం. అతి సమీపానికి చేరడానికి కొన్ని సెకన్ల ముందు ఒక కణం తగిలి నౌక ఊగిపోయింది. సుమారు అరగంటసేపు సంకేతాలు సరిగా అందలేదు. కెమెరా దెబ్బతిన్నది. అయితే అప్పటికే అది పంపిన చిత్రాలు భూమిని చేరాయి.

హేలీ ఒక కాంతిబిందువుగా మాత్రమే లెక్కించిన వస్తువు అసలు రూపం అప్పుడు తెలిసింది. సుమారు 15 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు గల ఎగుడుదిగుడు ముద్ద అది. ఆకాశంలో అంత ప్రకాశవంతంగా కనిపించే తోకచుక్క కేంద్రకం బొగ్గుకన్న నల్లనిదని, తనపై పడిన వెలుగులో నూటికి నాలుగు వంతులు మాత్రమే ప్రతిఫలింపజేస్తుందని తేలింది. నల్లని పైపొర కింద మంచు ఉన్నది. సూర్యుని వేడికి ఆ మంచు ఆవిరై, ధూళిని వెంట తీసుకొని చిమ్ముకొని వస్తుంది. మన కంటికి కనిపించే వెలుగంతా ఆ ఆవిరి, ధూళులదే. వెలువడే వాయువులో నూటికి ఎనభై వంతులు నీటి ఆవిరే. ధూళిలో కర్బనం, ఉదజని, ఆమ్లజని, నత్రజని సమృద్ధిగా ఉన్నాయి. తోకచుక్క మురికి మంచుగడ్డ వంటిదని 1950లో ఫ్రెడ్ విపుల్ చేసిన ఊహ ఈ విధంగా స్థిరపడింది.

ఆ మార్గంలో మరికొన్ని నౌకలు నడిచాయి. స్టార్‌డస్ట్ నౌక విల్డ్-2 తోకచుక్క ధూళిని సేకరించి 2006లో భూమికి చేర్చింది. ఆ ధూళిలో జీవులకు అవసరమైన గ్లైసిన్ అనే ఆమినో ఆమ్లం ఉన్నట్లు 2009లో వెల్లడైంది. రొసెట్టా నౌక పదేళ్ళకు పైగా ప్రయాణించి 2014లో చుర్యుమోవ్-గెరాసిమెంకో తోకచుక్కను చేరి, రెండేళ్ళకు పైగా దాని వెంటనే తిరిగింది. అది పంపిన ఫిలే అనే చిన్న నౌక 2014 నవంబరు 12న ఆ తోకచుక్క మీద దిగింది. భూమి మీది సముద్రాలకు నీటిని తెచ్చినవి తోకచుక్కలేనా అన్న ప్రశ్నను ఈ పరిశోధనలు ముందుకు తెచ్చాయి. రొసెట్టా తొలి కొలతలు ఆ తోకచుక్క నీరు మన సముద్రపు నీటివంటిది కాదని సూచించాయి. ఆ కొలతను ధూళి ప్రభావితం చేసి ఉండవచ్చునని 2024లో వెలువడిన పరిశీలన తెలిపింది. చర్చ ఇంకా సాగుతూనే ఉన్నది. సౌరకుటుంబం పుట్టిన సుమారు 450 కోట్ల సంవత్సరాల నాటి పదార్థాన్ని తోకచుక్కలు తమ మంచులో భద్రపరచి ఉంచాయి. అందువలన వాటి పరిశీలన మన పుట్టుకను తెలుసుకొనే ప్రయత్నమే.

నక్షత్రాల చలనం గురించి హేలీ వేసిన బీజం కూడా మహావృక్షమైంది. 1989లో ప్రయోగించిన హిపార్కస్ ఉపగ్రహం లక్షకు పైగా నక్షత్రాల చలనాన్ని సూక్ష్మంగా కొలిచింది. 2013 చివర ప్రయోగించిన గాయా నౌక 2025లో విరమించేవరకు వందకోట్లకు మించిన నక్షత్రాలను పరిశీలించింది. మూడు నక్షత్రాలతో మొదలైన లెక్క మన పాలపుంత చరిత్రను చదివే విద్యగా మారింది.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో సూర్యునికి అతి దూరాన, నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల మలుపు తిరిగింది. ఇప్పుడది మళ్ళీ మన వైపు ప్రయాణిస్తున్నది. 2061 జూలైలో సూర్యుని సమీపిస్తుంది. ఈ పాఠం చదివే విద్యార్థులలో అనేకులు దానిని చూడగలరు. హేలీకి ఆ భాగ్యం ఒక్కసారే దక్కింది. రెండవ రాకను అతడు అంకెలలో మాత్రమే చూశాడు. తాత నాటిన మామిడిచెట్టు ఫలాలను మనుమలు అనుభవించినట్లు, అతడు చేసిన గణన ఫలితాన్ని తరువాతి తరాలవారు అందుకొన్నారు. ఫలం తనకు దక్కదని తెలిసినా పనిని శ్రద్ధగా చేయడం, చేసిన లెక్కను నిర్భయంగా పరీక్షకు నిలబెట్టడం, ఇతరుల ప్రతిభకు తోడ్పడడం హేలీ జీవితం నుండి నేర్చుకోదగిన గుణాలు.